అబ్బాయి ట్రాన్స్‌క్రిప్ట్ నేనే రాయాలట, రెండేళ్ల లెక్కలు ఇప్పుడు ఎక్కడ వెతకను?

ఈసారి ఉత్తరం టెక్సాస్ నుంచి వచ్చింది, డాలస్ పక్కన ఒక సబర్బ్. పేరూ ఊరూ వద్దన్నారు కాబట్టి రాయట్లేదు, ఉత్తరం చాలా పెద్దది కాబట్టి కుదించి చెప్తా. ట్రాన్స్‌క్రిప్ట్ అంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏ కోర్సులు చదివాడో, ఏ గ్రేడ్లు వచ్చాయో చూపించే కాగితం, కాలేజీలు అడిగేది అదే.

ఆవిడకి ఇద్దరు పిల్లలు. పాప ఐదో క్లాసు, మామూలు పబ్లిక్ స్కూల్‌కే వెళ్తుంది. బాబుకి పదహారు. ఎనిమిదో క్లాసులో ఉండగా స్కూల్ అనేసరికి పొద్దున్నే కడుపునొప్పి, వాంతులు, టెస్టులు చేయిస్తే అన్నీ నార్మల్, చివరికి తొమ్మిది నుంచి ఇంట్లోనే చదివిస్తున్నారు. పిల్లాడు కుదుటపడ్డాడు, తింటున్నాడు, నవ్వుతున్నాడు, ఆ విషయంలో ఆవిడకి బాధేమీ లేదు. జామెట్రీ, ఆల్జీబ్రా టూ ఆన్‌లైన్‌లో ఒక టీచర్ దగ్గర చేశాడు. బయాలజీ హోమ్‌స్కూల్ కో-ఆప్‌లో (ఇంట్లో చదివించే కుటుంబాలు కలిసి నడుపుకునే క్లాసులు), ల్యాబ్‌తో సహా. ఇంగ్లీష్, హిస్టరీ ఆవిడే చూశారు, అంటే పుస్తకాలు బాగా చదివాడు, డాక్యుమెంటరీలు చూశాడు, భోజనాల దగ్గర గంటలు గంటలు వాదించుకున్నారు గానీ రాసింది తక్కువ, మార్కులు వేసింది అసలే లేదు. కెమిస్ట్రీ సగంలో ఆగింది. మధ్యలో తొమ్మిదో క్లాసు ఏడాదే ఆవిడ నాన్నగారికి పక్షవాతం వస్తే కొడుకుని వెంటేసుకుని తెనాలి దగ్గర పుట్టింటికి వెళ్లి నాలుగు నెలలు ఉండిపోయారు. ఆ నాలుగు నెలలూ పిల్లాడు పుస్తకం ముట్టలేదు, తాతకి అన్నం తినిపించాడు, ఫిజియో ఆయన చూపించినట్టు చెయ్యీ కాలూ ఆడించాడు, మేనమామతో పొలం వెళ్లి మోటార్ స్టార్టర్ విప్పి మళ్లీ బిగించాడు. తిరిగొచ్చాక హామ్ రేడియో (సరదాకి సొంత రేడియోతో దూరాలవాళ్లతో మాట్లాడే హాబీ) పిచ్చి పట్టుకుంది, లైసెన్స్ పరీక్ష పాసయ్యాడు, ఇప్పుడు గరాజ్ నిండా వైర్లు, వెనక యార్డులో యాంటెనా.

ఆగస్టు నుంచి పదకొండు. మొన్న ఒక బర్త్‌డే పార్టీలో ఎవరో "మరి ట్రాన్స్‌క్రిప్ట్ ఎవరిస్తారు, మీరే రాయాలి కదా, రోజూ గంటల లెక్క పెట్టే ఉంటారుగా" అన్నారట, ఆ రాత్రి నుంచి ఈవిడకి నిద్ర లేదు. ఉన్నదల్లా ఒక బ్యాగు నిండా నోట్‌బుక్కులు, ఫోన్లో ఫోటోలు. భర్త "అన్నింటికీ ఏ గ్రేడ్ వేసెయ్, ఎవడు చూస్తాడు" అంటున్నారు. ఫ్రెండ్ ఒకావిడ, డబ్బు కడితే నాలుగేళ్ల ట్రాన్స్‌క్రిప్టూ డిప్లొమా కలిపి ఇచ్చేవాళ్లు ఉన్నారని లింక్ పంపారు. అత్తగారు "ఈ గొడవంతా ఎందుకు, ఇక్కడికి పంపించెయ్, ఇంటర్‌లో చేర్పిద్దాం" అంటున్నారు. సరే ఇప్పటినుంచైనా ఏ సబ్జెక్ట్ ఎంతసేపు చదివావో రోజూ రాయరా అంటే కొడుకు "నాకు ఇష్టమైనవన్నీ నువ్వు గంటలు చేసేస్తున్నావ్, నువ్వు అమ్మవా క్లర్కువా" అని తలుపేసుకున్నాడు. "అక్కా, రెండేళ్లు పోయినట్టేనా? గ్రేడ్లు ఎలా వెయ్యాలి? మళ్లీ స్కూల్లో వేసెయ్యనా? ప్రిన్సిపాల్ అని నేనే సంతకం పెడితే నవ్వరా?" ఇవీ ఆవిడ ప్రశ్నలు.

సమాధానం:

రెండేళ్లు ఎక్కడికీ పోలేదండి. చదువు జరిగింది, కాగితమే లేదు, ఆ కాగితం ఇప్పుడు కూర్చున్నా తయారవుతుంది. మీకు ఈ కంగారు పన్నెండో క్లాసు అక్టోబర్‌లో, అప్లికేషన్ డెడ్‌లైన్ ముందు పట్టుకోలేదు చూడండి, అలా పట్టుకున్నవాళ్ల ఉత్తరాలు కూడా నాకొస్తాయి, వాళ్లతో పోలిస్తే మీకు బోలెడు టైమ్ ఉంది.

అసలు మీకీ పరిస్థితి ఎందుకొచ్చిందో ముందు చెప్తా, ఎందుకంటే ఉత్తరం నిండా మిమ్మల్ని మీరే తిట్టుకున్నారు. టెక్సాస్‌లో హోమ్‌స్కూల్ అంటే ప్రైవేట్ స్కూల్ కిందే లెక్క, 1994లో రాష్ట్ర సుప్రీం కోర్టు లీపర్ కేసులో అలాగే తేల్చింది. చదవడం, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, మంచి పౌరసత్వం, ఈ ఐదూ ఉండేలా నిజాయితీగా చదివిస్తే చాలు, రిజిస్ట్రేషన్ లేదు, ఏడాది చివర పరీక్ష లేదు, ఎవరూ ఇంటికి రారు. అదే పెన్సిల్వేనియాలో ఉండుంటే ఏటా అఫిడవిట్, పోర్ట్‌ఫోలియో, దాన్ని చూడ్డానికి ఒక ఎవాల్యుయేటర్. న్యూయార్క్‌లో అయితే మూడు నెలలకోసారి రిపోర్ట్. అక్కడి తల్లులు విసుక్కుంటూనే రాస్తారు, పదకొండో క్లాసుకొచ్చేసరికి వాళ్ల దగ్గర ఫైలు దానంతటదే తయారై ఉంటుంది. టెక్సాస్‌లో ఎవరూ ఏమీ అడగరు, అడగరు, అడగరు, చివరికి కాలేజీ వచ్చి నాలుగేళ్లదీ ఒకేసారి అడుగుతుంది. మీలాంటి వాళ్లు ఆ రాష్ట్రంలో చాలామంది ఉన్నారు.

ఇంకో మాట, ఆ పార్టీలో ఆవిడెవరో చెప్పిన గంటల లాగ్ గురించి. కాలేజీలు రోజువారీ గంటల లెక్క అడగవు. వాళ్లకి కావల్సింది ఒక పేజీ ట్రాన్స్‌క్రిప్ట్, చాలాచోట్ల దానితో పాటు ఒక్కో కోర్సు గురించి నాలుగైదు లైన్ల వివరణ, స్కూల్ కౌన్సిలర్ స్థానంలో మీరు రాసే లెటర్, ఇంట్లోవాళ్లు కాని టీచర్ల నుంచి రికమెండేషన్లు, టెస్ట్ స్కోర్లు. అంతే. కాబట్టి దయచేసి ఇప్పుడు కూర్చుని రెండేళ్ల వెనక తేదీలకి "9 నుంచి 10:30 ఇంగ్లీష్" అని కల్పించి రాయకండి. అది ఎవరికీ అక్కర్లేదు, పైగా అబద్ధం, పైగా మీ అబ్బాయి చూస్తాడు.

చెయ్యాల్సింది ఏంటంటే, రెండు మూడు వీకెండ్లు పెట్టుకుని జరిగినదాన్ని వెనక్కి తవ్వడం. ఫోన్ ఫోటోలు తేదీల వారీగా ఉంటాయి, వాట్సాప్‌లో మీ అమ్మగారికి పంపినవి కూడా. పుస్తకాలు ఆన్‌లైన్లో కొన్న ఆర్డర్ల లిస్ట్ ఉంటుంది. లైబ్రరీ కార్డులో పాత పుస్తకాల హిస్టరీ ఆన్ చేసి ఉంటే అదీ దొరుకుతుంది, లేకపోతే ఇవాళే ఆన్ చెయ్యండి. ఆన్‌లైన్ మ్యాథ్ టీచర్ నుంచి వచ్చిన ఈమెయిల్స్, టెస్ట్ పేపర్లు, కో-ఆప్ ఫీజు రసీదులు, బయాలజీ ల్యాబ్ రిపోర్ట్లు. బ్యాగులో నోట్‌బుక్కులు అన్నీ దాచక్కర్లేదు, సబ్జెక్ట్‌కి ఏడాదికి రెండు మూడు మంచి పేజీలు, ఒక పరీక్ష పేపర్, ఒక ల్యాబ్ రిపోర్ట్ చాలు, స్కాన్ చేసి డ్రైవ్‌లో పెట్టండి. తెలుగు నేర్పే మనబడికి వెళ్లాడని ఒక లైన్లో రాసి వదిలేశారు, ఆ సర్టిఫికెట్ కూడా తియ్యండి, చాలా కాలేజీలు రెండేళ్ల రెండో భాష అడుగుతాయి, తెలుగు చదవడం రాయడం బయటివాళ్లు పరీక్ష పెట్టి ఇచ్చిన కాగితం ఊరికే పడేసేది కాదు.

ఇక క్రెడిట్లు. ఒక క్రెడిట్ అంటే మామూలుగా ఏడాది కోర్సు, కార్నెగీ యూనిట్ అని పాతకాలం నుంచి ఉన్న లెక్క ప్రకారం 120 గంటలు. హోమ్‌స్కూల్‌లో రెండు రకాలుగా ఇస్తారు, గంటలు లెక్కపెట్టి, లేదా టెక్స్ట్‌బుక్ దాదాపు పూర్తి చేస్తే. మీ దగ్గర గంటలు లేవు కాబట్టి రెండోదే మీ దారి. జామెట్రీ ఒకటి, ఆల్జీబ్రా టూ ఒకటి, బయాలజీ ల్యాబ్‌తో ఒకటి, వీటికి ఎవరికీ సందేహం ఉండదు. టెక్సాస్ పబ్లిక్ స్కూళ్లలో డిప్లొమాకి 22 క్రెడిట్లు, ఎండార్స్‌మెంట్ (ఒక ప్రత్యేక రంగం)తో 26, ఆ రూల్ మీకు వర్తించదు గానీ కాలేజీల కళ్లు దానికి అలవాటు పడి ఉంటాయి కాబట్టి ఇంగ్లీష్ నాలుగు, లెక్కలు నాలుగు, సైన్స్ మూడో నాలుగో, సోషల్ మూడు, భాష రెండు, ఈ పోలికలో ఉండేలా మిగతా రెండేళ్లు ప్లాన్ చేసుకోండి.

ట్రాన్స్‌క్రిప్ట్ రాసే పద్ధతి కూడా రెండు రకాలు, ఇది మీ కేసులో ముఖ్యం. ఒకటి ఏడాది వారీగా, తొమ్మిదిలో ఇవి, పదిలో ఇవి అని. అందరికీ అలవాటైన రూపం ఇదే, కానీ మీ తొమ్మిదో ఏడాది బోసిగా కనపడుతుంది. రెండోది సబ్జెక్ట్ వారీగా, ఇంగ్లీష్ కింద నాలుగు, మ్యాథ్ కింద నాలుగు, పక్కన పూర్తయిన నెల, సంవత్సరం. తొమ్మిదిలో మొదలై పదిలో అయిపోయిన కోర్సు ఇందులో సహజంగా ఇమిడిపోతుంది. కాలేజీలు రెండూ తీసుకుంటాయి, మీకైతే రెండోదే నేను చెప్తా. ఇది దాచడం అనుకోకండి, ఇండియా వెళ్లిన సంగతి కౌన్సిలర్ లెటర్‌లో మీరే చెప్పబోతున్నారు, దానికి వస్తా.

కోర్సు వివరణ అంటే భయపడకండి, ఇదిగో ఇంత చాలు: "బయాలజీ, ఒక క్రెడిట్. వారానికి ఒకసారి కో-ఆప్‌లో క్లాసూ ల్యాబూ, మిగతా రోజులు ఇంట్లో ఫలానా టెక్స్ట్‌బుక్. కణం, జన్యుశాస్త్రం, పరిణామం, ఎకాలజీ. మైక్రోస్కోప్, డిసెక్షన్‌తో సహా ల్యాబులు, వాటికి రాతపూర్వక రిపోర్ట్లు. గ్రేడ్: పరీక్షలు సగం, ల్యాబ్ రిపోర్ట్లు సగం. గ్రేడ్ ఇచ్చింది కో-ఆప్ టీచర్." ఇంగ్లీష్‌కి అయితే చదివిన పుస్తకాల లిస్ట్, ఏం రాశాడో. ఇవి ఇప్పుడు గుర్తున్నప్పుడే రాసి పెట్టుకోండి, ఏడాదిన్నర తర్వాత ఆ టెక్స్ట్‌బుక్ పేరు కూడా గుర్తుండదు.

గ్రేడ్ల దగ్గరికి వద్దాం, మీ ఇంట్లో గొడవంతా అక్కడే కదా. మీవారు "అన్నింటికీ ఏ" అంటున్నారు, ఆయన్ని నేను తప్పుపట్టను, ఆయనకి భయమేస్తోంది, మగవాళ్లు భయాన్ని ఇలాగే చెప్తారు. కానీ అడ్మిషన్ ఆఫీసులో కూర్చున్నవాళ్లకి తల్లి వేసిన ఏ అంటే ఏంటో బాగా తెలుసు. వాళ్లు దాన్ని చూసి మురిసిపోరు, అలాగని పారెయ్యరు కూడా, పక్కన ఇంకేం ఉందా అని చూస్తారు. ఆల్జీబ్రా టూలో ఏ ఉండి ఎస్ఏటీ (కాలేజీ అడ్మిషన్ల పరీక్ష) మ్యాథ్‌లో నాలుగొందల డెబ్భై వస్తే ఆ ఒక్క గ్రేడే కాదు, మీరు సంతకం పెట్టిన పేజీ మొత్తం అనుమానంలో పడుతుంది. నాలుగైదు ఏలు, రెండు బీలు ఉండి స్కోర్ వాటికి తగ్గట్టు ఉంటే మీ మాట నమ్ముతారు, మీరు బయాలజీ గురించి చెప్పిందీ నమ్ముతారు, ఇంగ్లీష్ గురించి చెప్పిందీ నమ్ముతారు. మీ గ్రేడ్లకి బరువు వచ్చేది పక్కనున్న బయటి సాక్ష్యాల వల్లే, కాబట్టి ఏనా బీనా అని రాత్రుళ్లు ఆలోచించే శక్తిని ఆ సాక్ష్యాల మీద పెట్టండి. అక్కడ బలం ఉంటే ఇక్కడ ఒక బీ వల్ల కొంప మునగదు.

మ్యాథ్‌కీ బయాలజీకీ ఆ టీచర్లనే గ్రేడ్ అడగండి, ఈమెయిల్‌లో ఇచ్చినా చాలు, దాచిపెట్టుకోండి. ఇంగ్లీష్, హిస్టరీకి మీ ముందు మూడు దారులు. ఇప్పుడున్న కాగితాలతోనే గ్రేడ్ వెయ్యడం, తొందరగా అవుతుంది కానీ ఎవరైనా "దేని మీద వేశారు" అంటే చూపించడానికి పెద్దగా ఏమీ ఉండదు. పాస్ అని రాసి వదిలెయ్యడం, నిజాయితీగా ఉంటుంది కానీ జీపీఏ (గ్రేడ్ల సగటు) లెక్కలోకి రాదు, ఒకటి రెండు ఉంటే పర్లేదు, ఎక్కువైతే స్కాలర్‌షిప్‌లకి జీపీఏ అడిగేచోట చిక్కు. మూడోది, ఈ సమ్మర్‌లో అతను ఇప్పటికే చదివిన పుస్తకాల మీద ఓ మూడు నాలుగు ఎస్సేలు, హిస్టరీలో ఒక రీసెర్చ్ పేపర్ రాయించి, మీరు కాకుండా ఇంకెవరైనా ఇంగ్లీష్ టీచర్‌తో దిద్దించి, ఆ గ్రేడ్ వెయ్యడం. చదువు అప్పుడు జరిగింది, కొలత ఇప్పుడు జరిగింది, కోర్సు పూర్తయిన తేదీ ఈ సమ్మర్ అని రాస్తారు, ఇందులో దొంగతనం ఏమీ లేదు. కష్టమే, పిల్లాడు మూలుగుతాడు, అయినా నాకు ఇదే నచ్చుతుంది, ఎందుకంటే రాయడం తక్కువైందని ఉత్తరంలో మీరే ఒప్పుకున్నారు, ఎలాగూ అది రావాలి.

ఏది ఎంచుకున్నా తొంభై పైన ఏ, ఎనభై పైన బీ అని మీ స్కేల్ ఏదో ట్రాన్స్‌క్రిప్ట్ అడుగున రాయండి, ఒకసారి రాశాక నాలుగేళ్లకీ అదే. జీపీఏ లెక్క మీవారికి అప్పగించండి, ఏ కి నాలుగు, బీ కి మూడు, క్రెడిట్‌తో గుణించి మొత్తం క్రెడిట్లతో భాగించడమే, ఐటీ మనిషికి ఎక్సెల్‌లో పది నిమిషాల పని. ఒకసారి ఆ షీటు ఆయన చేతిలో పడితే "ఎవడు చూస్తాడు" అనే మాట తగ్గుతుందని నా నమ్మకం.

కెమిస్ట్రీకి ఒక క్రెడిట్ వెయ్యకండి. సగం అయితే అర క్రెడిట్, లేదా పూర్తయ్యేవరకూ ఇంకా జరుగుతోంది అని పెట్టండి. నన్నడిగితే దాన్ని కమ్యూనిటీ కాలేజీలో చేయించే అవకాశం చూడండి. మీరున్న వైపు కాలిన్ కాలేజ్ లాంటివి హోమ్‌స్కూల్ పిల్లల్ని డ్యూయల్ క్రెడిట్‌కి (ఒకే క్లాసు హైస్కూల్‌కీ కాలేజీకీ లెక్కకొచ్చే పద్ధతి) తీసుకుంటాయి, ల్యాబ్ ఉంటుంది, గ్రేడ్ కాలేజీదే, ట్రాన్స్‌క్రిప్ట్ కాలేజీదే, మీ సంతకంతో పనే లేదు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి, ఆ గ్రేడ్ శాశ్వతం. పదహారేళ్లప్పుడు వచ్చిన సీ రేపు అండర్‌గ్రాడ్‌కే కాదు మెడికల్ స్కూల్‌కి అప్లై చేసినా వెంట వస్తుంది. పైగా స్కూల్ బిల్డింగ్ చూస్తే కడుపునొప్పి వచ్చిన పిల్లాడు. ముందు అతనికి ఇష్టమైనది, తేలికైనది ఒక్క క్లాసు వేసి చూడండి, రెండో సెమిస్టర్‌లో కెమిస్ట్రీ. ఆ క్లాసులో కూర్చోగలిగాడంటే కాలేజీకి రెడీ అని మీకూ ధైర్యం వస్తుంది, అది ట్రాన్స్‌క్రిప్ట్ కన్నా పెద్ద లాభం.

అది వద్దనుకుంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే ఏపీ పరీక్షలు, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్షలు. మే నెలలో ఉంటాయి కానీ స్కూళ్లు పరీక్ష పేపర్లు ఆర్డర్ చేసేది నవంబర్ మధ్యలోపే, మీవాడిని కూర్చోనిచ్చే స్కూల్ మీరే వెతుక్కోవాలి, అందరూ ఒప్పుకోరు, కాబట్టి ఆగస్టు సెప్టెంబర్‌లోనే ఫోన్లు మొదలుపెట్టండి. ఇంకో సంగతి, సిలబస్‌ని ఆ పరీక్షలు పెట్టే కాలేజ్ బోర్డ్ ఆడిట్‌కి పంపి ఒప్పించుకోకుండా కోర్సు పేరు ముందు ఏపీ అనే ఆ రెండక్షరాలు తగిలించకూడదు. మామూలుగా ఫిజిక్స్ అని రాసి పరీక్ష స్కోర్ పక్కన చూపిస్తే సరిపోతుంది. ఎస్ఏటీ ఎలాగూ రాయించండి, రిజిస్టర్ చేసేటప్పుడు స్కూల్ కోడ్ అడిగితే హోమ్‌స్కూల్‌కి 970000. మధ్యలో కొన్నేళ్లు టెస్ట్ అక్కర్లేదన్న యూనివర్సిటీలు కొన్ని మళ్లీ అడుగుతున్నాయి, యూటీ ఆస్టిన్ కూడా అందులో ఉంది. క్లాసు ర్యాంకు లేదే అని దిగులు పడకండి, కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకి ఒకే చోట అప్లై చేసే ఆన్‌లైన్ ఫారం) ర్యాంకు ఇవ్వట్లేదని చెప్పే వీలుంది.

ఇప్పుడు తెనాలి నాలుగు నెలలు. దాన్ని క్రెడిట్ చెయ్యకండి. "హెల్త్ కేర్, అర క్రెడిట్" అని రాయమని ఎవరో ఒకరు మీకు సలహా ఇస్తారు, రాయొచ్చు కూడా, చట్టం ఆపదు. కానీ ఒక పిల్లాడు తాతకి అన్నం తినిపించడాన్ని కోర్సు కింద మార్చేస్తే చదివేవాళ్లకి ఎబ్బెట్టుగా ఉంటుంది, ముందు వాడికే ఉంటుంది, అందుకే కదా తలుపేసుకుంది. దాని చోటు కౌన్సిలర్ లెటర్. హోమ్‌స్కూల్ తల్లి కామన్ యాప్‌లో కౌన్సిలర్ కూడా, ఆ లెటర్‌లో ఎందుకు ఇంట్లో చదివించారో, ఎలా చదివించారో, ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకూ ఏమైందో నాలుగు వాక్యాల్లో సూటిగా చెప్పండి. మావాడు బంగారం అని పేజీలు రాయకండి, స్టార్టర్ విప్పిన సంగతి రాయండి. వాడు తన ఎస్సేలో ఆ విషయమే రాసుకోవాలనుకుంటే మీరు క్లుప్తంగా తేల్చేసి వాడికి వదిలెయ్యండి.

డబ్బుకి డిప్లొమా ఇచ్చేవాళ్ల సంగతి. ఇందులో రెండు రకాలున్నారు, అందర్నీ ఒక గాటన కట్టను. మీరు చేసిన చదువు రికార్డులు తీసుకుని, చూసి, నీట్‌గా ట్రాన్స్‌క్రిప్ట్ చేసిచ్చేవాళ్లు ఉన్నారు, ఓపిక లేనివాళ్లకి అది సర్వీసే. మీ ఫ్రెండ్ చెప్పినట్టు డబ్బు కడితే చదవని నాలుగేళ్లకి కూడా గ్రేడ్లు వేసిచ్చేవాళ్లు వేరు. రేపు కాలేజీ ఒక ఈమెయిల్ పెట్టి "ఈ కెమిస్ట్రీ ఎవరు చెప్పారు, సిలబస్ పంపండి" అంటే ఏం పంపుతారు? అయినా టెక్సాస్ స్టేట్ యూనివర్సిటీలు హోమ్‌స్కూల్ పిల్లల్ని పబ్లిక్ స్కూల్ పిల్లలతో సమానంగా చూడాలని చట్టమే ఉంది, మీరు రాసిన కాగితం చెల్లేచోట ఇంకొకరి కాగితం కొనడం ఎందుకు. నిజంగానే బయటి సంస్థ ముద్ర కావాలనిపిస్తే టెక్సాస్ టెక్ యూనివర్సిటీ నడిపే కె-12 స్కూల్ ఉంది, ఆన్‌లైన్ కోర్సులు ఉన్నాయి, కోర్సు చెయ్యకుండా పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకునే పద్ధతి కూడా ఉంది. అక్కడ ఆల్జీబ్రా టూ పరీక్ష రాసి పాసైతే మీ గ్రేడ్‌ని ఇంకెవరూ ప్రశ్నించరు.

మళ్లీ పబ్లిక్ స్కూల్లో వెయ్యడం గురించి అడిగారు. వెయ్యొచ్చు, తీసుకుంటారు. కానీ మీ రెండేళ్లకి ఎన్ని క్రెడిట్లు ఒప్పుకోవాలో డిస్ట్రిక్ట్ ఇష్టం, పరీక్షలు పెట్టొచ్చు, కొన్ని ఒప్పుకోకపోతే పదహారేళ్లవాడు తొమ్మిదో క్లాసు పిల్లలతో ఒక రెండు పీరియడ్లు కూర్చోవాలి. వాడు "నేను వెళ్తా, నాకు ఫ్రెండ్స్ కావాలి" అంటే అది వేరే సంగతి, అప్పుడు ఈ నష్టాలు భరించవచ్చు. మీరు ట్రాన్స్‌క్రిప్ట్ రాయలేక పంపిస్తే మాత్రం, ఒక పేజీ కాగితానికి భయపడి ఎనిమిదో క్లాసు కడుపునొప్పిని మళ్లీ ఇంట్లోకి తెచ్చుకున్నట్టు. వాడిని అడిగారా అసలు? ఉత్తరంలో ఎక్కడా కనపడలేదు.

అత్తగారి మాట ప్రేమతోనే అన్నారు, కానీ ఆవిడ అనుకున్నంత సులువు కాదు. ఇండియాలో ఇంటర్‌లో చేర్చాలంటే పదో తరగతి సర్టిఫికెట్ గుర్తింపు ఉన్న బోర్డుది కావాలి, అమ్మ సంతకంతో ఉన్న ట్రాన్స్‌క్రిప్ట్ అక్కడ పనికిరాదు. ఇంజనీరింగైనా మెడిసినైనా పన్నెండుకీ అదే మాట. ఓపెన్ స్కూలింగ్, ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ సంస్థ ద్వారా చెయ్యొచ్చు, దాని సర్టిఫికెట్‌కి గుర్తింపు ఉంది, కానీ అక్కడ కూడా ముందు సెకండరీ పాసవ్వాలి, దానికీ సీనియర్ సెకండరీకీ మధ్య రెండేళ్ల తేడా ఉండాలి, అంటే పందొమ్మిది వచ్చేస్తాయి. ఇండియా చదువు మీ ఇంట్లో నిజంగా ఒక ఆలోచనే అయితే ఇప్పుడే, ఈ నెలలోనే తేల్చుకోండి, పన్నెండు అయ్యాక గుర్తొస్తే దారి ఉండదు. కాదు, అమెరికాలోనే అంటే అత్తగారికి ఈ బోర్డు సంగతి ఒక్కసారి మీవారితో చెప్పించండి, మీరు చెప్తే వేరేలా వినపడుతుంది.

చివరికి మీ క్లర్కు ఉద్యోగం. చెల్లెమ్మా, ఆ మాటకి మీరు ఏడ్చానని రాశారు గానీ వాడు చెప్పినదాంట్లో విషయం ఉంది. వాడి రేడియో టేబుల్ మీద ఒక లాగ్‌బుక్కో కంప్యూటర్లో ఒక ఫైలో ఉంటుంది, ఒకసారి వాడిని అడిగి చూడండి. తేదీ, గ్రీన్విచ్ టైమ్, ఏ ఫ్రీక్వెన్సీ, అవతలివాళ్ల కాల్ సైన్ (లైసెన్స్‌తో వచ్చే గుర్తింపు పేరు), సిగ్నల్ ఎంత, ప్రతి కాంటాక్టూ ఇలా రాసుకోవడం హామ్ రేడియోవాళ్లలో చాలామందికి అలవాటు. లాగ్ రాయడం చేతకాని పిల్లాడు కాదు వాడు, వాడి లాగ్ వాడి చేతిలో ఉంటే రాస్తాడు, మీరు పక్కన నించుని రాయిస్తే రాయడు. కాబట్టి రికార్డు పని వాడికే అప్పగించండి. షీటు వాడే తయారు చేసుకోనివ్వండి, ఏం చదివాను, ఏం కట్టాను, ఏది చెడిపోయింది, వారానికి నాలుగు లైన్లు, గంటలు వద్దు. మీరు నెలకోసారి అరగంట వాడితో కూర్చుని అందులోంచి కోర్సుకి పనికొచ్చేవి వేరు చెయ్యండి.

అన్నీ వేరు చెయ్యకండి కూడా. రేడియోని ఎలక్ట్రానిక్స్ అని అర క్రెడిట్ ఎలెక్టివ్ (ఇష్టంతో ఎంచుకునే కోర్సు) చెయ్యొచ్చు, లైసెన్స్ పరీక్షకి చదివిన సిలబస్ ఉంది కాబట్టి నిలబడుతుంది, కానీ అదే పనిని మళ్లీ యాక్టివిటీస్‌లో కూడా పెడితే రెండుసార్లు అమ్ముకున్నట్టు కనపడుతుంది. కామన్ యాప్‌లో యాక్టివిటీస్‌కి పది గళ్లు ఉంటాయి, మీవాడి రేడియోకి సరైన చోటు అదేనని నాకనిపిస్తోంది, ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఎలెక్టివ్ తక్కువైనా పర్లేదు. ఆ లైసెన్స్ ఇచ్చింది ఎఫ్‌సీసీ అనే అమెరికా ప్రభుత్వ సంస్థ, కాల్ సైన్ కొడితే ఎవరికైనా కనపడుతుంది, మీ ఇంట్లో ఉన్న సాక్ష్యాల్లో అంత గట్టిది ఇంకోటి లేదు, మీరేమో దాన్ని గరాజ్‌లో చెత్త అని రాశారు. క్లబ్బులో వాడికి నేర్పిన పెద్దాయన ఎవరైనా ఉంటే రికమెండేషన్ అడగమనండి, క్లాసు టీచర్ల లెటర్లు మ్యాథ్, బయాలజీ వాళ్లవి, ఈయనది అదనంగా. ఇప్పుడే చెప్పి ఉంచితే వచ్చే ఏడాది రాయడానికి వాళ్లకీ గుర్తుంటుంది.

సంతకం సంగతి, ప్రిన్సిపాల్ అని రాయడం ఇబ్బందిగా ఉంటే పేరు కింద పేరెంట్, హోమ్‌స్కూల్ అడ్మినిస్ట్రేటర్ అని రాయండి, ఎవరూ నవ్వరు, వాళ్లు రోజూ చూసేవే. కొన్ని కాలేజీలు నోటరీ అడుగుతాయి, మీ బ్యాంకులో కనుక్కోండి, చాలా బ్యాంకులు సొంత కస్టమర్లకి ఊరికే చేసిపెడతాయి. కామన్ యాప్‌లో కౌన్సిలర్‌గా మీ ఈమెయిల్ ఇచ్చేటప్పుడు అబ్బాయి వాడే ఈమెయిల్ ఇవ్వకండి, వేరేది ఉండాలి. పన్నెండో క్లాసు మధ్యలో మిడ్ ఇయర్ రిపోర్ట్ ఒకటి, మే జూన్‌లో అన్ని గ్రేడ్లూ నింపి గ్రాడ్యుయేషన్ తేదీ వేసిన ఫైనల్ ట్రాన్స్‌క్రిప్ట్ ఒకటి వాడు చేరబోయే కాలేజీకి మీరే పంపాలి, అది మర్చిపోయి ఆగస్టులో పరిగెత్తేవాళ్లు ఉంటారు, క్యాలెండర్‌లో ఇప్పుడే పెట్టుకోండి.